రెండు చెవులకి రెండు చిప్పులు

ఫిబ్రవరి 10, సోమవారం

ఇంట్లో అందరూ క్షేమమా? నాకు ఉత్తరాలు రాసిన అలవాటే తప్ప మరో రాత రాదు. అందుకని క్షేమాలతోనే మొదలుపెడుతున్నాను. అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే.

తమ్ముడి మోకాలు ఎలా ఉంది? వాపు తగ్గింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం టక్కుమంటోంది. ఆ చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినపడుతుంది, వాడికి వినపడదు.

మరదలి దగ్గు ఎలా ఉంది? నిన్న పడుకున్నాక అసలు దగ్గలేదు. దగ్గకపోయేసరికి ఊపిరి ఆడుతోందో లేదో అని తలుపు దాకా వెళ్ళి చూశాను. "వదినా, బతికే ఉన్నాను, వెళ్ళి పడుకో" అంది.

నా బి.పి. ఎలా ఉంది? డాక్టరమ్మ మొహం చిట్లించేటంత ఉంది. బెంగలన్నీ తలలో తిప్పుకోకుండా కాగితం మీద పెట్టి మూసేయమని చెప్పింది ఆవిడే. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటాయి. చదివేది కూడా నేనే కాబట్టి దిద్దేవాళ్ళు లేరు.

మరిది ఎలా ఉన్నాడు? పోయిన మా ఆయనకి తమ్ముడు. తెలియదు. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగరు. ఉంటున్నది తమ్ముడి ఇంట్లో కాబట్టి నేనూ అడగను. కాగితం మీద అడిగాను. కాగితానికి కోపం రాదు.

అసలు సంగతి ఇది. ఇవాళ తమ్ముడు మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె బయటికి లాగాడు. కొట్టు మానేసి వచ్చిన రోజు లోపలికి తోసిన పెట్టె. బూజు దులిపి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతోందో లేదో చూశాడు. వెనక గదంతా ఆ పాత వాసన వచ్చింది. నాకు సంతోషం వేసింది. వెంటనే, షాక్ కొడితే ఎలా అని భయం కూడా వేసింది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఏం కడుతున్నావురా అని అడిగాను. పాటల పెట్టె అన్నాడు.

"ఇప్పుడు పాటలన్నీ అంకెలేనక్కా. పెన్‌డ్రైవులో ఉండేవి అంకెలు. వాటిని మళ్ళీ శబ్దంగా మార్చే చిప్పు కావాలి."

"ఏ కొట్లోనైనా దొరుకుతుందిగా?"

"దొరికేవి వేరు. నాకు కావలసింది నిచ్చెన చిప్పు. లోపల రెసిస్టర్లు నిచ్చెనలా పేర్చి ఉంటాయి. ఒక్కో మెట్టు దిగితే కరెంటు సగమవుతుంది. కింది మెట్టులో దానిలో సగం. ఆ కిందిదాంట్లో మళ్ళీ సగం."

"అయితే ఆఖరి మెట్టుకి ఏం మిగులుతుందిరా?"

"చిటికెడు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేది ఆ చిటికెడులోనే వినపడుతుంది." వాడు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నేను కదిలితే ఆపేస్తాడేమోనని పొయ్యి మీద పాలు కూడా చూసుకోలేదు. పొంగిపోయాయి.

అలాంటి చిప్పులు చెయ్యడం ఎప్పుడో మానేశారట. రెండు కావాలి, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. రెండూ ఒకలాగే పలకాలి.

"కొత్త పెట్టెలే కొనుక్కోవచ్చుగా" అన్నాను.

వాడు చాలాసేపు ఐరన్ మొన తుడిచాడు. "కొత్త పెట్టెల్లో ఏ పాట విన్నా పైన మూత పెట్టినట్టుంటోందక్కా. మూత పెట్టెకుందో నా చెవులకుందో తేలాలి. ఆ పాత చిప్పుల పలుకు నాకు కొట్టినపిండి. దాంతో కట్టిన పెట్టె కూడా అలాగే వినపడితే చెవులు పోయినట్టే. సామానంతా తూకానికి వేసేస్తాను."

తూకానికి అన్న మాట మామూలుగానే అన్నాడు. నేనే లేచి పనిముట్ల పెట్టెని గుమ్మానికి దూరంగా జరిపాను.

ఫిబ్రవరి 13, గురువారం

గ్యాసు కట్టేశాను. వెనక గదిలో ఐరన్ ప్లగ్గు కూడా తీసేశాను. రెండూ మళ్ళీ చూశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

తమ్ముడు ఎలక్ట్రానిక్ సామాన్ల వీధంతా తిరిగి వచ్చాడు. ఒకడు కాగితం మీద ఆ చిప్పు నంబరు చూసి, "తాతగారూ, ఇది మా నాన్న నాటిది, మా నాన్నే ఇప్పుడు లేడు" అన్నాడట. ఇంకొకడు ఫోన్ల గాజు అతికించుకుంటూ తలెత్తనే లేదట. తిరిగొచ్చి మోకాలికి వేడి గుడ్డ పెట్టుకుని కూర్చున్నాడు.

మరదలు తన ఫోనులో వెతికింది. నాలుగు చిప్పులు ఉన్నాయని ఒకతను పెట్టాడు, ఫోటోలో తళతళలాడుతున్నాయి. "మీ తమ్ముడికి పెళ్ళిచూపుల్లో కూడా ఇంత తొందర లేదు వదినా, తెప్పించెయ్యి తెప్పించెయ్యి అని ఒకటే గొడవ" అంది.  తెప్పించింది.

ఫిబ్రవరి 26, బుధవారం

చిప్పులు వచ్చాయి. చిన్న నల్ల జెర్రుల్లా రెండు వైపులా కాళ్ళు. తమ్ముడు రెండిటిని బోర్డు మీద పెట్టి పాట వేశాడు. గట్టిగా పాడినంతసేపు బాగానే ఉన్నట్టుంది. గొంతు తగ్గించిన చోట ఇసుక మీద చెప్పులు ఈడ్చినట్టు చప్పుడు.

వాడు మొహం నాకు కనపడకుండా తిప్పుకున్నాడు. తరువాత ఒక చిప్పు పైకి తీసి, వెలుతురులో అటూ ఇటూ చూశాడు. "గోళ్ళ రంగు తుడిచే మందు ఉందా?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"ఉంది. ఈ వయసులో నీకు రంగులేమిటని నవ్వారుగా, ఇప్పుడు మీకేం పని?" అంటూనే తెచ్చింది.

దూదితో చిప్పు వీపు మీద రుద్దాడు. రాసి ఉన్న పేరంతా దూదికి వచ్చేసింది. కింద గీకిన గుర్తులు, ఇంకేదో పాత నంబరు సగం. పనికిరాని చిప్పుని అరగదీసి, పైన కొత్త పేరు అచ్చేశారు.

"చూశావా, నకిలీది!" అన్నాడు. నకిలీ సరుకు అంటగడితే ఇంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. తప్పు చెవులది కాదని కదా.

ఫిబ్రవరి 27, గురువారం

తప్పు చెవులది కాదు. చిప్పులదే. రుజువు దూది మీద ఉంది.

అయినా మనసు ఊరుకోదు. ఆ పాత గొడవ రాసి మూసేస్తాను.

తమ్ముడూ మరిదీ కలిసి కొట్టు నడిపారు. టేపురికార్డర్లు, రేడియోలు, ఆంప్లిఫయర్లు. ఒకరినొకరు బావా బావా అనుకుంటూ, ఒక టీ తెప్పించుకుంటే రెండు గ్లాసుల్లో పోసుకునేవారు. ఆరేళ్ళ కింద ఒక పెద్దమనిషి ఆంప్లిఫయరు ఇచ్చి వెళ్ళాడు. మరిది "ఈల వస్తోంది బావా" అన్నాడు. తమ్ముడు చెవి పెట్టి "ఏ ఈలా లేదు" అన్నాడు. మరిది విప్పాడు, బిగించాడు, మళ్ళీ ఈల అన్నాడు. తమ్ముడు లేదన్నాడు. పెద్దమనిషి వచ్చి నిలబడ్డాక, ఆయన ముందే మరిది అనేశాడు. "నీ చెవులు పోయాయి బావా. ఇక నువ్వు చూడకు, కౌంటరు దగ్గర కూర్చో."

తమ్ముడు స్క్రూడ్రైవరు పెట్టెలో పడేసి, పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. మరిది రాలేదు. ఆ వీధిలో కొన్నాళ్ళు చెవిటి మెకానిక్కని అన్నారట. ఈ మాట నాకు చెప్పినవాళ్ళు నా మేలు కోరే చెప్పారు. నా మేలు కోరేవాళ్ళు కాస్త తక్కువైతే బాగుండును.

అంతే. మూసేశాను.

మార్చి 4, మంగళవారం

ఇవాళ మరదలితో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. తమ్ముడే చెప్పాడు, ఆ నాటి సీడీ ప్లేయర్లలో ఆ చిప్పులు ఉండేవని. వాడి మోకాలికి ఆ గుట్టలెక్కడం అయ్యే పని కాదు. మాకేదో అయ్యే పని అయినట్టు.

లోపల విరిగిన మిక్సీలు, వంగిన ఫ్యాను రెక్కలు, వైర్ల చుట్టలు. ఏ ఇనుప ముక్క గుచ్చుకుంటుందో, ఏ సూది మందు వేయించుకోవాలో అని నేను కాలు తీసి కాలు వేయలేదు. మరదలు మాత్రం గుట్ట మధ్యకి వెళ్ళిపోయింది. కొట్టతను "అమ్మా, ఏం వెతుకుతున్నారు?" అంటే "నిచ్చెన" అంది. అతను బయట గోడకి ఆనించిన వెదురు నిచ్చెన చూపించాడు. నవ్వలేక చచ్చాం.

మూడు ప్లేయర్లు దొరికాయి. ఇంటికి తెచ్చి బడి పిల్లల్లా వరసగా పెట్టాం. తమ్ముడు మూతలు విప్పాడు. మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లో తుప్పు. మూడోదాంట్లో, బోర్డు మధ్యలో, దుమ్ము కింద, అసలుది.

దూదితో రుద్దాడు. పేరు పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. పోలేదు. సోల్డరు కరిగించి, పంపుతో పీల్చి, ఒక్కో కాలూ వదిలించి, పట్టకారుతో పైకి తీశాడు. వాడి చెయ్యి వణకలేదు. నేను ఊపిరి బిగబట్టి చూశాను, తరువాత కాస్త తల తిరిగింది.

మార్చి 5, బుధవారం

ఒక్కటే ఉంది. చవక ప్లేయరట. ఒక్క చిప్పే అటోసారి ఇటోసారి పరుగెత్తి రెండు చెవులకీ సర్దిపెట్టేదట. పాపం అనిపించింది. నాకూ ఈ ఇంట్లో అదే పని.

మార్చి 9, ఆదివారం

ఇంకో రెండు కొట్లు తిరిగాం. లేదు. మరదలు ఫోనులో ఎంతమందిని అడిగిందో, ఒకతను మాత్రం ఉన్నాయన్నాడు, ఫోటో పంపమంటే పలకలేదు.

భోజనాల దగ్గర తమ్ముడు, "తూకం అతన్ని ఈ నెలాఖరు రోజు రమ్మన్నాను" అన్నాడు.

మరదలు గరిటె కింద పెట్టింది. "ఎందుకండీ అంత తొందర? ఆ పెట్టె ఏమన్నా అన్నం అడుగుతోందా?"

"చూసినప్పుడల్లా నా చెవుల గురించి అడుగుతోంది" అన్నాడు.

 నేను కంచం ముందు కూర్చుని ఒకటే ఆలోచించాను. తమ్ముడూ మరిదీ నడిపిన కొట్లో ఆ చిప్పులు ఒక పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో ఉండేవి. వాళ్ళకి అన్నం తీసుకెళ్ళినప్పుడు చూసేదాన్ని. ఆ గొట్టం తమ్ముడు తెచ్చుకోలేదు.

అంటే ఎక్కడుంటుంది? ఆలోచించకూడదు. ఆలోచించను.

మార్చి 10, సోమవారం

మరిదికి ఫోను చేశాను. మందుల కొట్టుకి వెళ్తున్నానని చెప్పి వీధి మలుపు దాకా వెళ్ళి చేశాను. అబద్ధం కాదు, మందుల కొట్టుకి కూడా వెళ్ళాను.

"ఎవరు?"

"నేనురా, వదినని."

 పెట్టేశాడేమో అనుకున్నాను.

"వదినా, అందరూ బాగున్నారా? ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నాకు చిప్పులు కావాలి."

"నీకు చిప్పులేమిటి వదినా, నూనెలో వేయించుకుంటావా?"

నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. నడిరోడ్డు మీద రెండూ ఎలా చేస్తాను? నంబరు చదివాను. అతను ఎవరికని అడగలేదు. "రేపు రా" అన్నాడు, అంతే.

మార్చి 11, మంగళవారం

వెళ్ళాను. ముందు గదిలోనే పని పెట్టుకున్నాడు. బల్ల మీద ఫ్యాను మోటార్లు, మిక్సీ గిన్నెలు. పాటల సామాను ఒక్కటీ లేదు. జుట్టు పూర్తిగా నెరిసింది. రెండు చెవుల్లోనూ ఏవో పెట్టుకుని ఉన్నాడు. పాటలు వింటున్నాడనుకుని గట్టిగా పిలిచాను.

"అరవకు వదినా. ఇవి వినికిడి మిషన్లు. నువ్వు గుమ్మం బయట గొణుక్కున్నది కూడా వినపడింది."

"ఏం గొణిగాను?"

"'భగవంతుడా, వీడు కాఫీ ఇస్తానంటే ఏం చెయ్యాలి, బి.పి.' అన్నావు."

కూర్చున్నాను. నీళ్ళిచ్చాడు. నేను ఉండబట్టలేక ఉన్నదంతా చెప్పేశాను. తమ్ముడి పెట్టె, చెవుల మీద మూత, తూకం అతను. మరిది వింటూ వింటూ చేతిలో స్పానరు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఇంకా ఆ మాటే పట్టుకుని ఉన్నాడా?"

"నువ్వే కదా అన్నావు."

"అన్నాను." స్పానరు కింద పెట్టాడు. "రెండేళ్ళ కింద చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను వదినా. చెవిలో ఈల మోగుతోందా అని అడిగాడు. మోగుతోంది, కానీ అది ఫ్యాన్లది అన్నాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు మూశాడు. లోపల ఫ్యాను లేదు, రేడియో లేదు, చీమ కూడా లేదు. ఈల ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ రోజు ఆంప్లిఫయరులో ఈల లేదు. బావ చెప్పిందే నిజం. ఈల నా చెవిలోనే ఉంది. నాతోనే కొట్టుకి వచ్చేది, నాతోనే ఇంటికి పోయేది. సెట్టుని అన్నిసార్లు విప్పి వెతికాను కానీ, వెతికే బుర్రలోనే ఉందని తట్టలేదు."

"రెండేళ్ళయిందా తెలిసి! వచ్చి చెప్పొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఉన్న మొహమే పెట్టుకుని రావాలి. కొత్తది ఎక్కడ తెస్తావు?"

నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఆ గొట్టం తెచ్చాడు. అదే గొట్టం. చివర బిరడా తీసి, చిప్పుల్ని ఒక్కొక్కటి బోర్డు మీద పెట్టి మీటరుతో కొలిచి, ఏవి ఏవి ఒకలాగే పలుకుతాయో చూశాడు. చాలాసేపు పట్టింది. రెండు తీసి, నల్ల స్పాంజి ముక్కలో కాళ్ళు గుచ్చి, స్పాంజి మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఇచ్చాడు.

"నా సంగతి నువ్వు చెప్పకు వదినా. నేనే చెప్పాలి. ఒట్టెయ్యి."

వేశాను. ఎందుకు వేశానో.

మార్చి 12, బుధవారం

పాత సామాన్ల కొట్లో దొరికాయని చెప్పి ఇచ్చాను. తమ్ముడు స్పాంజిని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"పాత సామాన్ల కొట్టువాడు స్పాంజికి మూలలు గుండ్రంగా కత్తిరించడక్కా."

నేను వంటింట్లోకి తప్పుకున్నాను. వాడు స్పాంజిని అలమర మీద పెట్టి, వీధి వైపు వెళ్ళి కూర్చున్నాడు.

మార్చి 13, గురువారం

ముట్టుకోలేదు.

మార్చి 14, శుక్రవారం

ముట్టుకోలేదు. మరదలు అలమర దులిపే వంకతో స్పాంజిని బల్ల మీదికి మార్చింది. వాడు మళ్ళీ అలమర మీద పెట్టాడు.

మార్చి 15, శనివారం

"చిప్పుకేం తెలుసురా ఎవరింటి నుంచి వచ్చిందో" అన్నాను. ఇంకేం అనాలో తోచక అన్నాను. వాడు నా వైపు చూశాడు. సాయంత్రానికి ఐరన్ వేడెక్కింది. పొగ మొహానికి తగులుతుందని కిటికీ తెరిచాను. గాలికి ఐరన్ చల్లారుతుందని వాడు మూశాడు. దగ్గొస్తుందని మళ్ళీ తెరిచాను. మరదలు వచ్చి సగం తెరిచి, "ఇక ఇద్దరూ నోరు మూసుకోండి" అంది.

మార్చి 19, బుధవారం

పెట్టె పలికింది.

చెక్కపెట్టె, ముందు ఒక్క మీట. పాత పాట వేశాడు, మా అమ్మ బట్టలు మడత పెడుతూ పాడుకునే రకం. నాకు సంగీతం తెలియదు. కానీ పాడే ఆవిడ చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంది. అది వినపడింది. ఆవిడ ఈ గదిలోనే, ఆ కుర్చీలోనే ఉన్నట్టు. మరదలు చేతిలో గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "ఏమండీ, ఈ పాటలో ఇంత ఉందా?" అంది.

తమ్ముడు కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయిపోయింది. నేను వాడి మొహమే చూస్తున్నాను.

"మూత లేదు" అన్నాడు.

హమ్మయ్య అనుకునేలోపే, "నాకైతే లేనట్టే ఉంది. పైన ఈల ఉండి, అది నాకు వినపడకపోతే? అక్కా, నీకేమన్నా ఈల వినపడుతోందా?"

"లేదురా."

"నీకు డెబ్బై ఏళ్ళు. నీ చెవుల్ని ఎలా నమ్మను?"

"నా చెవులున్నాయిగా" అంది మరదలు.

"నీకు కుక్కరు విజిలే వినపడదు."

మీట నొక్కి ఆపేశాడు. ఇంత మంచి పాట విని అంత దిగులుగా లేచిన మనిషి ఉండడు. నాకు నోటి దాకా వచ్చింది. ఆ ఈల సెట్టులో లేదురా, నువ్వే కరెక్టు, మీ బావ చెవిలో ఉంది ఆ ఈల. పెదవి కొరుక్కున్నాను. ఒట్టు. ఎవరికైనా ఏమైనా అయితే?

మార్చి 20, గురువారం

మరిదికి ఫోను చేసి, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అన్నాను. నేనే బావకి ఫోను చేసి చెప్తానన్నాడు.

మార్చి 22, శనివారం

చెయ్యలేదు. పని ఎక్కువగా ఉండి ఉంటుంది. ఎండలు మొదలయ్యాయి, ఫ్యాన్లు చాలా వస్తాయి.

మార్చి 25, మంగళవారం

చెయ్యలేదు. ఫ్యాన్లు.

మార్చి 27, గురువారం

తమ్ముడు పనిముట్లన్నీ తుడిచి సంచిలో సర్దుతున్నాడు. తూకం అతనికి ఇవ్వడానికే అయినా శుభ్రంగా ఇవ్వాలట. పెట్టె మాత్రం ఉంచుకుంటాడట, నువ్వూ మీ మరదలూ వినండి అన్నాడు.

నాకు బి.పి. మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేదు. రెండోది వేసుకుంటే ప్రమాదం, వేసుకోకపోతే ప్రమాదం. కాసేపు మాత్రని చూస్తూ కూర్చుని పెట్టెలో పెట్టేశాను.

మార్చి 29, శనివారం

మరిది ఫోను చేశాడు. నాకే చేశాడు, తమ్ముడికి చెయ్యలేదు. నేను అప్పుడు వెనక గదిలోనే ఉన్నాను. తమ్ముడు సంచి మూతి కడుతున్నాడు.

ఫోను ఎత్తాను. స్పీకరు పడింది. నేను కావాలని నొక్కలేదు. వేలు తగిలింది. ఈ ఫోన్లలో అన్నీ దగ్గర దగ్గరగా పెడతారు.

"వదినా, నావల్ల కావట్లేదు. నంబరు నొక్కుతాను, మోగకముందే కట్ చేస్తాను."

తమ్ముడి చెయ్యి తాడు మీద ఆగింది.

"ఏమిట్రా, సరిగ్గా వినపడట్లేదు" అన్నాను. నిజంగానే సరిగ్గా వినపడలేదు, గుండె అంత గట్టిగా కొట్టుకుంటోంది. "ఆ రోజు కొట్లో ఏం జరిగిందని చెప్పావు? ఇంకోసారి చెప్పు."

"మొన్న అంతా చెప్పాగా వదినా."

"మర్చిపోయాను. ముసలిదాన్ని."

చెప్పాడు. డాక్టరు గది, చీమ, ఈల, అన్నీ. "బావ చెవులకేం కాలేదు. పోయినవి నావి. లేని ఈలని పట్టుకుని, పరాయి మనిషి ముందు అంత మాట అన్నాను. ఆ ఈల ఇప్పుడూ మోగుతూనే ఉంది. అది మోగినప్పుడల్లా బావే గుర్తొస్తాడు. అంటే రోజంతా."

 మరదలు ఎప్పుడు వచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది.

తమ్ముడు చెయ్యి చాపాడు. ఫోను ఇచ్చాను.

"బావా" అన్నాడు.

 అవతల నుంచి, చాలా నెమ్మదిగా, "వదినా, స్పీకరు పెట్టావా?"

"వేలు తగిలిందిరా" అని అరిచాను.

"ఆ సెట్టు ఎన్నిసార్లు విప్పావు?" అన్నాడు తమ్ముడు.

"మూడుసార్లు."

"నాలుగు. నేను టీకి వెళ్ళినప్పుడు ఒకసారి విప్పావు. స్క్రూ ఒకటి మార్చి బిగించావు, నాకు తెలుసు."

"అప్పుడెందుకు అనలేదు?"

"నీకు వినపడుతోందేమో, నాకే వినపడట్లేదేమో అనుకున్నాను." వాడు తాడు వదిలేసి కింద కూర్చుండిపోయాడు. నీళ్ళు ఇద్దామని లేచాను, మరదలు నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆరేళ్ళు బావా. పిట్ట కూసినా, కుక్కరు కూసినా, ఇది నిజంగా వినపడుతోందా, నేను అనుకుంటున్నానా అని ఆరేళ్ళు."

"తిట్టు బావా. తిడితే నాకు కాస్త బాగుంటుంది."

"ఫోనులో తిడితే ఏం బాగుంటుంది? ఎదురుగా తిట్టాలి." ముక్కు తుడుచుకున్నాడు. "నువ్విచ్చిన చిప్పులు పెట్టాను. ఎడమ వైపు కాస్త ముందుకొచ్చి పాడుతున్నట్టుంది. నా అనుమానమో, కొలత తేడానో. ఇంకో జత చెవులు కావాలి."

"నా చెవుల్లో మిషన్లున్నాయి బావా."

"మిషన్లు పెట్టుకునే రా. మీటరు కూడా తెచ్చుకో. నాది తూకానికి కట్టేశాను, ఇప్పుడు విప్పాలి."

"నేను కొలిచి ఇచ్చిన జతలో తేడా ఉండదు. సోల్డరు ఎక్కువ పోసి ఉంటావు. నీ అలవాటేగా."

"నా సోల్డరు సంగతి నువ్వు చెప్పాలా? మిక్సీలు బాగుచేసుకునేవాడివి!"

"మిక్సీలు తిరుగుతున్నాయి బావా, నీ పెట్టెలాగా ఎడమకి ఒరగట్లేదు!"

ఇద్దరూ కేకలు. నాకు భయం వేసింది, మళ్ళీ చెడిందేమో అని. మరదలి వైపు చూస్తే అది నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. తమ్ముడు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో సంచి ముడి విప్పుతున్నాడు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒట్టు తప్పలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 31, సోమవారం

తూకం అతను వచ్చాడు. తమ్ముడు గుమ్మంలోనే ఆపి, సీడీ ప్లేయర్ల ఖాళీ డొక్కులు మూడూ ఇచ్చి పంపేశాడు. "ఇంతేనా సార్?" అన్నాడతను. "ఇంతే. ఇలాంటి ప్లేయర్లు నీకు ఎక్కడైనా వస్తే మాత్రం ఇటు తీసుకురా" అన్నాడు.

మరిది రేపే వస్తానన్నాడు. తమ్ముడు వద్దన్నాడు, ఈలోగా ఎడమవైపు సోల్డరు అంతా పీకి మళ్ళీ వేస్తాడట, మాట పడకూడదట. మరదలు కుర్చీలు ఎన్నున్నాయో చూసింది. నేను అనుకోవలసినవన్నీ అనుకున్నాను. ఆ రోజు కరెంటు పోతే? దారిలో మరిది మిషన్ల బ్యాటరీ అయిపోతే? ఇద్దరూ నిజంగానే తిట్టుకుంటే? తిట్టుకోకుండా మర్యాదగా కూర్చుంటే? అది ఇంకా భయం.

ఆదివారానికి ఖాయం చేశారు. ఏప్రిల్ 6, పొద్దున పదింటికి.